పలుకులు విరిచిన పంతులు: నోవా వెబ్‌స్టరు

ఆంగ్ల వాచకమును చేతబట్టిన బాలుడు చిన్న చిన్న మాటలను తడబడక చదువుకొనుచు పోయి, పొడవైన పదమొకటి ఎదురైనంతనే కాలికి రాయి తగిలినవానివలె ఆగిపోవును. వెనుకకు పోయి మరల ప్రయత్నించును. మరల అచ్చటనే ఆగును. పిదప ఉపాధ్యాయుని ముఖము వంక చూచును. ఈ దృశ్యము నెరుగని ఉపాధ్యాయుడు ఉండడు. అప్పుడు మనము చేయు పనియు ఒక్కటే. బాలుని వ్రేలిని ఆ పదముపై ఉంచి, దానిని రెండు మూడు తునకలుగా విరిచి, ఒక్కొక్క తునకను పలికించి, పిమ్మట అన్నింటిని కలిపి పలికింతుము. కొండవలె కనబడిన మాట పిడికిట ఇమిడిపోవును.

ఇంత సులభముగా తోచు ఈ పనికి ఒక చరిత్ర కలదు. పదమును ఎచ్చట విరువవలెను? చెవికి వినబడు చోటనా? అర్థము మారు చోటనా? ఈ ప్రశ్నను బడిపిల్లల పక్షమున నిలిచి అడిగి, సమాధానమును పుస్తకముగా అచ్చువేసి, ఒక దేశమునకు చదువు నేర్పినవాడు నోవా వెబ్‌స్టరు. ఆయన పేరు వినగానే నేడు ఎల్లరకు నిఘంటువే తలపునకు వచ్చును. కాని నిఘంటుకారుడు కాకమునుపు ఆయన పల్లెటూరి పంతులు. ఆ పంతులు చేసిన పనిని, తరువాత పండితుడై చేసిన పనిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, చదువు చెప్పు వారికిని చదువుకొను వారికిని ఒక పాఠము లభించును.

వెబ్‌స్టరు 1758 అక్టోబరు 16వ తేదీన, అమెరికాలోని కనెక్టికట్టునందు, హార్ట్‌ఫర్డు పట్టణమునకు పడమటనున్న పల్లెలో జన్మించెను. అప్పటికి ఆ సీమ ఆంగ్లేయుల వలస రాజ్యము. తండ్రి సామాన్య కర్షకుడు. పూర్వులలో గవర్నరులుండిరన్న ప్రతిష్ఠయే కాని ఆ ఇంట సంపద లేదు. కుమారునికి పొలముపనికన్న పుస్తకముపై మక్కువ మిక్కుటము. అది గ్రహించి తండ్రి వానిని ఊరి మతాచార్యుని వద్ద లాటిను, గ్రీకు భాషలు చదివించెను. పిదప తన పొలమును తాకట్టుపెట్టి, 1774లో యేలు కళాశాలకు పంపెను. కుమారుని చదువు కొరకు కాడియెద్దులను నమ్ముకొన్నవాడు కాలు కదపు నేలను కుదువబెట్టుట మన పల్లెలకును క్రొత్త సంగతి కాదు.

చదువు సాగినది యుద్ధకాలమున. 1775లో స్వాతంత్ర్య సంగ్రామము మొదలయ్యెను. ఆహారము కరవై కళాశాల తరగతులను లోనాటి ఊళ్లకు తరలింపవలసి వచ్చెను. 1777లో వెబ్‌స్టరు తండ్రితోను, సోదరులతోను గ్రామసేనలో చేరి ఉత్తరమునకు నడచెను. వారు యుద్ధభూమి చేరులోపలనే ఆంగ్ల సేనాని బర్గాయిను సరటోగా వద్ద లొంగిపోయెను. 1778లో పట్టము పుచ్చుకొని ఇల్లు చేరిన కుమారుని చేతిలో తండ్రి ఎనిమిది డాలర్ల కాగితపు నోటు నొకదానిని పెట్టి, ఇక నీ బ్రతుకు నీవే చూచుకొనవలెనని చెప్పివేసెను. అప్పటికి ఆ నోటు విలువ సగమునకు పడిపోయి ఉండెను. ఇరువది యేండ్ల యువకుడు గదిలో తలుపు వేసికొని, ఇంగ్లండునందలి మహా నిఘంటుకారుడు శామ్యూలు జాన్సను వ్యాసములు చదువుకొనుచు కొన్ని దినములు గడపెను. అర్ధశతాబ్దము పిమ్మట ఆ జాన్సను నిఘంటువునకే తాను పోటీ తెత్తునని ఆనాడు ఆయన ఊహించియుండడు.

న్యాయవాది కావలెనని ఆయన కోరిక. అందుకు ధనము లేదు. కావున బడిపంతులయ్యెను. పగలు పాఠములు చెప్పి, రాత్రులు న్యాయశాస్త్రము చదివి, 1781లో న్యాయవాదిగా అర్హత పొందెను. యుద్ధకాలమున కక్షిదారులు దొరకలేదు. మరల బడియే గతియయ్యెను. మొదట షారను అను ఊర పాఠశాల నడపెను. అదియు నిలువలేదు. 1782లో న్యూయార్కు రాష్ట్రమునందలి గోషెను అను గ్రామము చేరి, చేతిలో పైకము లేక, మనస్సు క్రుంగి, ఒంటరిగా పంతులు పని చేయుచుండెను. అచ్చటనే, ఆ నిరుత్సాహ దినములలోనే, ఆయన ఒక చిన్న పుస్తకము వ్రాయ మొదలిడెను.

అది ఏల వ్రాయవలసి వచ్చెనో తెలియవలెనన్న మన లిపికిని ఆంగ్ల లిపికిని గల భేదమును ఒకమారు జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. తెలుగున ఒక్కొక్క అక్షరము ఒక్కొక్క పలుకు. క, కా, కి, కీ యని గుణింతము వల్లించి, ఒత్తులు నేర్చిన బాలునికి ఎంత పొడవైన మాటయైనను భయము లేదు. మొదటి అక్షరము నుండి కడపటి అక్షరము వరకు నడచుకొనుచు పోయినచో చాలును. ఆంగ్లమున అట్లు కాదు. ఆ భాషకు ఇరువదియారు అక్షరములు కలవు కాని అవి పలుకులు కావు. పలుకు పుట్టవలెనన్న కొన్ని అక్షరములు ఒకచో కూడవలెను. ఒక అచ్చును ఆశ్రయించి ఒక్క పెట్టున నోటినుండి వెలువడు అట్టి తునకను వారు సిలబుల్ అందురు. ఏ అక్షరములు ఏ తునకలో చేరునో పుటమీద గుర్తు లేదు. అది తెలిసినవానికి చదువు వచ్చును. తెలియనివాడు రాయి తగిలి ఆగును.

ఆ కాలమున అమెరికా బడులలో విరివిగా వాడుచుండినది ఇంగ్లండు దేశపు ఉపాధ్యాయుడు థామసు డిల్‌వర్తు 1740లో ప్రకటించిన పుస్తకము. అందును పదములు తునకలుగా విరిచియే ఉండెను. కాని ఆ విరుపునకు ఆధారము పాత వ్యాకరణ సూత్రము. రెండు అచ్చుల నడుమ నున్న హల్లు రెండవ అచ్చుతోనే చేరవలెనని ఆ సూత్రము చెప్పును. నోటి పలుకుబడితో దానికి నిమిత్తము లేదు. ఇందువలన వచ్చిన చిక్కు చిన్నది కాదు. ఆంగ్లమున తునక అచ్చుతో ముగిసినచో ఆ అచ్చును సాధారణముగా సాగదీసి పలుకుదురు. హల్లుతో మూతపడినచో పొట్టిగా పలుకుదురు. అలవాటు అను అర్థము గల హ్యాబిట్ అను మాటను సూత్రము ప్రకారము విరిచినచో బాలుడు హే-బిట్ అని చదువును. క్రైస్తవ మతాధికారిని తెలుపు బిషప్ అను మాట బై-షప్ అగును. గుత్తి అను అర్థము గల క్లస్టర్ అను మాట క్లూ-స్టర్ అగును. ముక్కుపుటమును తెలుపు నాస్ట్రిల్ అను మాట నో-స్ట్రిల్ అగును. పుస్తకమును నమ్మిన బాలుడు తప్పు పలుకును. ఒప్పు పలుకవలెనన్న పుస్తకమును నమ్మరాదు. చదువు చెప్పవలసిన పుస్తకమే చదువునకు అడ్డుపడుచుండెను.

వెబ్‌స్టరు దీనిని గ్రంథములలో చదివి కనుగొనలేదు. ఎదుట కూర్చున్న పిల్లల నోట విని కనుగొనెను. పదమును నోరు ఎచ్చట విరుచునో పుస్తకమును అచ్చటనే విరువవలెనని ఆయన నిశ్చయించెను. ఆయన పుస్తకమున హ్యాబ్-ఇట్, బిష్-అప్, క్లస్-టర్, నాస్-ట్రిల్ అని మాటలు విరుగును. తునకను ఉన్నది ఉన్నట్లు పలికినచో చాలును, మాట తనంత తానే సరిగా వెలువడును. జాతి అను అర్థము గల నేషన్ అను మాటను పాత పుస్తకములు నే-టి-ఆన్ అని మూడు తునకలు చేయుచుండెను. ఆ విధముగా పలుకు మనుష్యుడు ఆంగ్లదేశమునను లేడు, అమెరికాలోను లేడు. ఆ తుది అక్షరములన్నియు కలిసి షన్ అను ఒక్క పలుకేయని వెబ్‌స్టరు అచ్చువేసెను. ఆ తుదిగల పదములు ఆంగ్లమున వేలకొలది గలవు. ఒక్క సవరణతో వేల పదములు పిల్లలకు దగ్గరయ్యెను.

తెలుగు విద్యార్థులకు ఈ సంగతి ఛందస్సువలన సులభముగా బోధపడును. పద్యము అను మాటను మనము ప-ద్య-ము అని వ్రాయుదుము. లిపిలో దకారము యకారముతో జతకూడి రెండవ అక్షరమునకు చెందియున్నది. కాని గణ విభజన చేయునపుడు మొదటి ప హ్రస్వమయ్యును గురువగుచున్నది. ఏలన, పలుకునపుడు ఆ దకారము వెనుకకు ఒరిగి పకారమును మూసివేయుచున్నది. కన్ను ప-ద్యము అని చూచును. చెవి పద్-యము అని వినును. లిపి కంటిని అనుసరింపగా, మన లాక్షణికులు చెవిని అనుసరించి గురులఘువులను నిర్ణయించిరి. డిల్‌వర్తునకును వెబ్‌స్టరునకును నడుమ గల తగవు ఇట్టిదే.

ఆ పుస్తకము 1783లో హార్ట్‌ఫర్డునందు అచ్చయ్యెను. మొదటి ముద్రణము ఐదువేల ప్రతులు. యేలు కళాశాల అధ్యక్షుడు ఎజ్రా స్టైల్సు సూచించిన బరువైన పేరు నొకదానిని దానికి పెట్టిరి. ఆంగ్లభాషకు వ్యాకరణ వ్యవస్థ యని దాని భావము. పసివాండ్ర పుస్తకమునకు అది తగని పేరు. 1787లో దానిని అమెరికను స్పెల్లింగు పుస్తకమని మార్చిరి. జనులు ఆ పేరును కూడ పట్టించుకొనక, అట్టమీది రంగును బట్టి నీలి అట్ట పుస్తకమని పిలిచిరి. మొదట ఒక హల్లు, ఒక అచ్చు కూడిన పలుకులు. పిదప ఒక్క తునక మాటలు. ఆపై రెండు తునకల మాటలు. మూడు, నాలుగు, ఇట్లు మెట్లు మెట్లుగా పొడవైన పదముల వరకు అది పిల్లలను నడిపించును. 1829లో సవరించిన ముద్రణమున రెండు తునకల మాటలలో మొదటిది బే-కర్, అనగా రొట్టెలు కాల్చువాడు. చదువున ఆ మాట వరకు వచ్చితినని చెప్పుకొనుట అమెరికా పల్లెలలో ఒక నానుడియయ్యెను. ఆ మాట దాటినవాడు పొడవైన పదములను చూచి బెదరడని దాని భావము.

పిల్లలు ఆ పాఠములను గొంతెత్తి వల్లించుచుండిరి. మొదట తునకలోని అక్షరముల పేర్లు చెప్పి, తునకను పలికి, తరువాతి తునకను దానికి చేర్చి, తుదకు పదమంతయు ఒక్క ఊపున పలుకుట ఆనాటి పద్ధతి. మన వీధిబడులలో కకు కొమ్మిచ్చిన కు అని గుణింతము పాడిన పెద్దలకు ఆ దృశ్యమును ఊహించుట కష్టము కాదు. సాయంకాలములందు ఊరివారు గుమిగూడి, పొడవైన మాటల స్పెల్లింగులు చెప్పుటలో పందెములు వేసికొనెడి ఆచారము ఈ పుస్తకమును ఆశ్రయించియే పెంపొందెను.

క్రొత్త పుస్తకమును అందరు ఆదరింపలేదు. డిల్‌వర్తు ప్రేతమను మారుపేరుతో ఒక అజ్ఞాత రచయిత పత్రికలలో వెబ్‌స్టరును దుయ్యబట్టెను. పెద్దలు ఏర్పరచిన విరుపును మార్చుటకు ఈ పల్లెటూరి కుర్రవాడెవడని ఆక్షేపణ. వెబ్‌స్టరు సహించి ఊరకుండు స్వభావము గలవాడు కాడు. ఆయన అహంభావి యని మిత్రులు కూడ ఒప్పుకొనిరి. ప్రతి విమర్శకును ప్రతివిమర్శ వ్రాసెను. తన పుస్తకమును ఇతరులు దొంగతనముగా అచ్చువేయకుండ గ్రంథస్వామ్య శాసనములు కావలెనని రాష్ట్రము నుండి రాష్ట్రమునకు తిరిగి శాసనసభ్యులను వేడెను. ఆ ప్రయాణములలోనే 1785లో జార్జి వాషింగ్టనును దర్శించెను. తరువాత డెబ్బది రెండేండ్ల వయస్సున దేశరాజధానికి పోయి పూనికతో పనిచేయగా, గ్రంథస్వామ్యపు గడువును 14 సంవత్సరముల నుండి 28 సంవత్సరములకు పెంచిన శాసనము 1831లో వెలువడెను. రచయితలకు ఆయన చేసిన ఈ మేలు కూడ స్మరింపదగినది.

బడిలో చెవికి పట్టము కట్టిన పంతులు, ఆ ఉత్సాహమున మరియొక అడుగు ముందుకు వేసెను. విరుపు మాత్రమే కాక వ్రాతయు పలుకును అనుసరింపవలెనని వాదించెను. వృద్ధుడైన బెంజమిను ఫ్రాంక్లిను ఆయనను ప్రోత్సహించెను. 1789లో భాషావ్యాసములను ప్రకటించి వాటిని ఫ్రాంక్లినునకే అంకితమిచ్చెను. 1790లో క్రొత్త స్పెల్లింగులతో ఒక వ్యాసపుస్తకము అచ్చువేయగా లోకము నవ్వెను. ఆ నవ్వువలన ఆయన కొంత నేర్చుకొనెను. పనికిరాని హల్లులను, వినబడని అచ్చులను కొన్నింటిని మాత్రమే తొలగించెను. రంగు, గౌరవము అను అర్థములు గల కలర్, ఆనర్ వంటి మాటలలో ఒక అచ్చును తగ్గించి అమెరికనులు వ్రాయుట ఆయన నిఘంటువుల ప్రభావమున స్థిరపడినదే.

1789లో ఆయన రెబెక్కా గ్రీన్‌లీఫును వివాహమాడెను. వారికి ఎనమండుగురు సంతానము కలిగిరి. 1793లో న్యూయార్కునందు దినపత్రిక నొకదానిని స్థాపించి కొన్నేండ్లు నడపెను. అంటువ్యాధుల చరిత్రను రెండు సంపుటములుగ 1799లో వెలువరించెను. చేతబట్టిన పని నంతటిని ఒంటరిగా చేయుట ఆయనకు అలవాటు. 1798లో న్యూ హేవెను చేరి, 1800లో తాను నిఘంటువు వ్రాయబోవుచున్నట్లు ప్రకటించెను. 1806లో చిన్న నిఘంటువొకటి వచ్చెను. అంతటితో తృప్తి పడక మహా నిఘంటువునకు పూనుకొనెను. ఇచ్చటనే ఆయన జీవితమున రెండవ అధ్యాయము మొదలగును.

పదమును విరుచుటలో రెండు మార్గములు కలవని మొదటనే చెప్పితిమి. ఒకటి పలుకు తునకలు. రెండవది అర్థపు తునకలు, అనగా ధాతువు, ఉపసర్గ, ప్రత్యయము. ఈ రెండు మార్గములు అన్నివేళల ఒక్కచోట కలియవు. రామాలయము అను మాటను పలుకుటకు రా-మా-ల-యము అని విరుతుము. అర్థము చెప్పుటకు రామ, ఆలయము అని విరుతుము. రెండవ విరుపు మొదటి విరుపులోని మా అను అక్షరము నడుమ పోవుచున్నది. ఆంగ్లమునను ఇట్లే. జ్ఞానము అను అర్థము గల నాలెడ్జ్ అను మాటను పలుకును బట్టి నాల్-ఎడ్జ్ అనవలెను. తెలియుట అను అర్థము గల నో అను మూలపదమును బట్టి నో-లెడ్జ్ అనవలెను. ప్రజాస్వామ్యమును తెలుపు పదమును అర్థమును బట్టి డెమో-క్రసీ యని విరిచినచో ప్రజలు, పాలన అను రెండు గ్రీకు మూలములు బయటపడును. పలుకును బట్టి విరిచినచో అది డిమాక్-రసీ యగును. అచ్చుపనిలో పంక్తి తుదను పదమును విరువవలసి వచ్చినపుడు అమెరికా ముద్రాలయములు పలుకును, ఇంగ్లండు ముద్రాలయములు చిరకాలము మూలమును అనుసరించుటకు ఇదియే కారణము.

పలుకు తునకలను నిర్ణయించిన వెబ్‌స్టరు ఇప్పుడు అర్థపు తునకల మూలములను వెదకబోయెను. నిఘంటువున మొదటి రెండక్షరముల పదములు ముగించి, తక్కిన పనిని నిలిపివేసి, పది సంవత్సరములు భాషల పోలికలను పరిశీలించెను. అర్ధచంద్రాకారముగా చేయించిన బల్లమీద ఇరువది భాషల నిఘంటువులను వరుసగా పరచి, ఒక కొన నుండి రెండవ కొన వరకు నడచుచు, ఒక్కొక్క పదమునకు అన్ని భాషలలో పోలిన పదములను వెదకి వ్రాసికొనుచు పోవును. కొన చేరిన పిదప మరల మొదటికి వచ్చును. ఇట్లు పదేండ్లు నడచెను. ఇంతటి శ్రమ చేసిన పండితులు అరుదు. ఇంతటి శ్రమ వ్యర్థమైన పండితులు మరియు అరుదు.

ఏల వ్యర్థమయ్యెను? ఈమారు ఆయన వినుటకు పూర్వమే నిశ్చయించుకొని యుండెను. 1808 ప్రాంతమున ఆయన మతవిశ్వాసము మిక్కిలి తీవ్రమయ్యెను. బైబిలునందలి బాబెలు గోపుర వృత్తాంతమును అక్షరసత్యముగ గ్రహించి, లోకమునందలి భాషలన్నియు ఒక్క ఆదిభాష నుండి చీలినవనియు, ఆ ఆదిభాష కల్దీయుల భాషయనియు నమ్మెను. హల్లులు కొంచెము పోలియున్నచో చాలును, ఆంగ్లపదమునకును హీబ్రూ పదమునకును చుట్టరికము కలిపివేసెను. నియమమేమియు లేని పోలిక ఎంత దూరమైనను పోగలదు.

ఆ కాలముననే మార్గము తెలిసియుండెను. అది మన దేశముననే దొరకినది. 1786లో సర్ విలియం జోన్సు కలకత్తానందు ఏషియాటిక్ సొసైటీ సభలో సంస్కృతము, గ్రీకు, లాటిను ఒక్క మూలము నుండి పుట్టిన తోబుట్టువులై యుండవలెనని ప్రకటించెను. 1816లో మద్రాసునందు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిసు, తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను ప్రక్కప్రక్కన పేర్చి, ఈ భాషలు సంస్కృతము నుండి పుట్టినవి కావనియు, ఒక ప్రత్యేక కుటుంబమునకు చెందినవనియు నిరూపించెను. తెలుగు ధాతువుల విషయమున ఆయనకు పట్టాభిరామశాస్త్రి పాండిత్యము తోడ్పడినది. ఎల్లిసు వ్యాసము క్యాంబెలు రచించిన తెలుగు వ్యాకరణమునకు పీఠికా భాగముగ వెలువడెను. జర్మనీలో బాప్పు, గ్రిమ్ము మొదలగువారు ధ్వనుల మార్పులకు నియమములు కనుగొనుచుండిరి. వెబ్‌స్టరు ఆ దారిని నడువలేదు. తన అర్ధచంద్రపు బల్ల వెంబడియే నడచెను.

అయినను నిఘంటువు నిలిచెను. ఏలన, అందు మూలములు మాత్రమే కాక అర్థ వివరణములును కలవు. ఆ వివరణములు వ్రాయుటలో ఆయన మరల పంతులయ్యెను. తెలియనివానికి తెలియునట్లు, తక్కువ మాటలలో, తేటగా చెప్పెను. 1812లో ఖర్చు తగ్గించుకొనుటకై ఆమ్హర్స్టు అను చిన్న ఊరికి కాపురము మార్చి, అచ్చట కళాశాల స్థాపనకును తోడ్పడెను. ఈ యేండ్లన్నింటను ఆ కుటుంబమును పోషించినది నీలి అట్ట పుస్తకమే. ప్రతికి ఒక సెంటునకు లోపుగ ముట్టుచుండిన పారితోషికముతో పిల్లల పుస్తకము పెద్దల పుస్తకమునకు అన్నము పెట్టెను. 1824లో కుమారుని వెంటబెట్టుకొని ప్యారిసు గ్రంథాలయమునకును, అటుపిమ్మట ఇంగ్లండునందలి కేంబ్రిడ్జికిని పోయెను. 1825 జనవరిలో కేంబ్రిడ్జి బసలో కడపటి పదము వ్రాసి ముగించునప్పటికి చేయి వణకి, కొంతసేపు గదిలో అటునిటు నడచి గాని ఆయన స్తిమితపడలేదు.

1828లో డెబ్బది వేల పదములతో మహా నిఘంటువు రెండు సంపుటములుగ వెలువడెను. రచయితకు అప్పటికి డెబ్బది యేండ్లు. అచ్చువేసినవి 2500 ప్రతులు, వెల 20 డాలర్లు. అవి నెమ్మదిగా గాని అమ్ముడుపోలేదు. 1841లో రెండవ ముద్రణమునకై ఆయన ఇల్లు తాకట్టుపెట్టెను. తండ్రి పొలము తాకట్టుతో మొదలైన చదువు, కుమారుని ఇంటి తాకట్టుతో ముగిసెను. 1843 మే 28వ తేదీన న్యూ హేవెనునందు వెబ్‌స్టరు మరణించెను. హక్కులను కొన్న మెరియము సోదరులు 1847లో ఆరు డాలర్ల వెలకు క్రొత్త ముద్రణము తెచ్చిన పిదపనే ఆ నిఘంటువు ఇంటింటికి చేరెను. 1864 నాటి ముద్రణమునకై మాను అను జర్మను పండితుని నియమించి, వెబ్‌స్టరు పదేండ్లు శ్రమపడి సాధించిన పదమూలములను చాలవరకు తొలగించి క్రొత్తవి వ్రాయించిరి. విరుపులు నిలిచినవి. మూలములు పోయినవి.

నిలిచిన ఆ విరుపులు ఎంతదూరము పోయినవో వెబ్‌స్టరు ఎరుగడు. ఆ దేశపు దక్షిణ రాష్ట్రములందు నీగ్రో బానిసలకు చదువు నేర్పుట పలుచోట్ల నేరముగ నుండెను. బాల్టిమోరు పట్టణమున ఫ్రెడరికు డగ్లసు అను బానిస బాలుడు నీలి అట్ట పుస్తకమును జేబులో పెట్టుకొని తిరుగుచు, పేద తెల్లపిల్లలకు రొట్టె ముక్క లిచ్చి, వారి వద్ద ఒక్కొక్క పాఠము చెప్పించుకొనెను. తరువాత ఆ బాలుడే బానిసత్వమును ఎదిరించిన మహావక్తయయ్యెను. బానిసత్వము రద్దయిన క్రొత్తలో బుకర్ టి. వాషింగ్టను అను బాలునికి తల్లి ఎచ్చటనో సంపాదించి తెచ్చి యిచ్చినదియు ఆ పుస్తకమే. ఆ చుట్టుప్రక్కల చదువు వచ్చిన తమవాడు ఒక్కడును లేడు. చెప్పువారు లేకయే ఆ బాలుడు కొన్ని వారములలో అక్షరములు చాలవరకు పట్టుకొనెను. తరువాత ఆయన టస్కెగీనందు గొప్ప విద్యాలయమునకు తొలి అధిపతియయ్యెను. గురువు లేనిచోట పుస్తకమే గురువు కావలెను. పుస్తకము గురువు కావలెనన్న అది పలుకునట్లే విరువవలెను. హే-బిట్ అని విరిచిన పుస్తకము చేతబడి యుండినచో, తప్పును సవరించుటకు ఆ బాలుల ప్రక్కన ఎవరుండిరి?

ఆ పద్ధతియందు లోపము లేదనుట సత్యము కాదు. పిల్లలు అర్థము తెలియని పొడవైన మాటలను చిలుకలవలె వల్లించుచున్నారని మసాచుసెట్సు విద్యాధికారి హొరేసు మాను ఆనాడే ఆక్షేపించెను. ఆ ఆక్షేపణ న్యాయమైనది. పలుకు తునకలు నోటిని తెరచును గాని అర్థమును తెరువవు. అందుకు రెండవ విరుపు కావలెను. విరువరానిది అను అర్థము గల అన్‌బ్రేకబుల్ అను మాటను అన్, బ్రేక్, అబుల్ అని మూడు అర్థపు భాగములుగ చూపినచో, అట్టి వంద మాటల అర్థము బాలునికి తెలియును. నేటి అమెరికను నిఘంటువులు కూడ చెవికి బాధ లేనిచోట ఈ మర్యాదను పాటించుచున్నవి. టీ-చర్ అని పలికెడి మాటను టీచ్-అర్ అని చూపి, బోధించుట అను మూలపదమును చెదరనీయక నిలుపుచున్నవి.

కావున మన తరగతిలో ఈ రెండు విరుపులును ఉండవలెను. మొదట చెవికి, పిదప బుద్ధికి. మొదటి దానికి ఆధారము ఎదుటనున్న బాలుని నోరు. రెండవ దానికి ఆధారము నిదర్శనము. గోషెను గ్రామమున చేతిలో కాసు లేని ఇరువదినాలుగేండ్ల పంతులు పిల్లలు పలుకుచుండగా విని వ్రాసెను. ఆ వ్రాత నిలిచెను. లోకప్రసిద్ధుడైన పండితుడు తాను నమ్మినదానినే ఇరువది నిఘంటువులలో వెదకుకొనెను. అది నిలువలేదు. ఇద్దరును ఒక్క మనుష్యుడే. రేపు తరగతిలో ఒక బాలుడు పొడవైన మాట దగ్గర ఆగి మన ముఖము వంక చూచినపుడు, వెంటనే పదమును అందింపక, ఒక్క క్షణము ఆగి, వాని నోరు ఆ మాటను ఎచ్చట విరుచుచున్నదో విందుము.